మెనూలో మా జీతం

మార్చి 3, సోమవారం

కొత్త మెనూ కార్డులు వచ్చాయి. అన్ని ధరలూ పెరిగాయి. చివరి పేజీలో ఒక లైను: పనివాళ్ల జీతాలు పెరిగినందున ధరలు పెంచక తప్పలేదు. ఈ దేశం భాష నేను పాత మెనూలు ముందేసుకునే నేర్చుకున్నాను. మూడుసార్లు చదివాను. ఎవరి జీతం పెరిగింది? రెండేళ్లుగా ఇక్కడ గిన్నెలు తోముతున్నాను, చిల్లిగవ్వ పెరగలేదు.

మార్చి 4

కిచెన్‌లో అందరికీ చదివి వినిపించాను. అందరం పొట్ట చేత పట్టుకుని తలా ఒక దేశం నుంచి వచ్చినవాళ్లమే. మన పేరు చెప్పి ఓనర్ పబ్బం గడుపుకుంటున్నాడా అని వంటాయన గరిటె విసిరికొట్టాడు. టేబుళ్లు తుడిచే, మేమంతా అత్త అని పిలిచే ఆవిడ పగలబడి నవ్వింది. జీతం పెరిగిందని మొగుడికి మాత్రం చెప్పొద్దంది. తెలిస్తే కొత్త బండి అడుగుతాడట.

మార్చి 7

ఓనర్‌ని అడిగేశాను. ఆ లైను తీసెయ్యండి, లేదా నిజం చెయ్యండి అన్నాను. నోరు లేస్తోందే అన్నాడు. నా వర్క్ పర్మిట్ ఆయన సంతకంతోనే నడుస్తోందని గుర్తు చేశాడు. నీలాంటివాళ్లు గేటు బయట పదిమంది ఉన్నారన్నాడు.

మార్చి 8

భయంగా ఉంది. కోపం అంతకంటే ఎక్కువగా ఉంది.

మార్చి 9, ఆదివారం

లంచ్ టైము, హాలు కిటకిట. మూడో టేబుల్ పెద్దాయన, మీ జీతాల పుణ్యమా అని మా జేబులు ఖాళీ అన్నాడట. అత్త కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. నేను సబ్బు చేతులతోనే హాల్లోకి వెళ్లాను. మాకు పైసా పెరగలేదని అందరికీ వినబడేలా అరిచాను. ఓనర్ పరుగెత్తుకొచ్చి బయటికి పొమ్మన్నాడు. ఏప్రన్ విప్పాను.

అప్పుడు వెనక స్టవ్ ఆగింది. ఇంకొకటి. ఆరూ ఆగాయి.

వంటాయన చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ గేటు బయట పదిమందినీ పిలవండి సార్, జనం ఆకలితో ఉన్నారన్నాడు. మూడో టేబుల్ పెద్దాయన మెనూ ఎత్తి పట్టుకుని, మరి మా డబ్బు ఎక్కడికి పోతోందయ్యా అని ఓనర్‌నే నిలదీశాడు. ఓనర్ మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

ఇరవై నిమిషాలు పట్టింది. అందరికీ ఈ నెల నుంచే పెంపు. కాగితం మీద రాయించాను. పర్మిట్ల జోలికి రానని కూడా రాయించాను. రెండు తప్పులుంటే దిద్దించి మరీ సంతకం పెట్టించాను.

ఏప్రిల్ 2

పెరిగిన జీతం చేతికొచ్చింది. మెనూలో ఆ లైను అలాగే ఉంది. ఉండనీ. ఇప్పుడది నిజం.

ఏప్రిల్ 5, సెలవు

అత్తా నేనూ మా హోటల్‌కే కస్టమర్లుగా వెళ్లాం. కిటికీ పక్క టేబుల్. చెంచా మీద మరక ఉంది. వెనక్కి పంపించాను.