ఖాలా పిట్టగోడ మీది వైరు

శుక్రవారం రాత్రి, కిషన్‌బాగ్

కొత్త ఫైబర్ కనెక్షన్‌కు చెప్పినంత స్పీడు రావడం లేదని సాయంత్రమంతా రౌటర్ సెట్టింగ్సుతో కుస్తీ పట్టాను. మా వైఫై ఎవరెవరు వాడుతున్నారో చూస్తే పక్కింటి జుబేదా ఖాలా ఫోన్ కనిపించింది. తన పిట్టగోడ మీదుగా వైరు లాగనిచ్చిందని ఆమెకు పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే. అయినా చిరాకులో ఆ ఫోన్‌ను బ్లాక్ చేశాను. స్పీడు రవ్వంత కూడా పెరగలేదు. తప్పంతా నా లాప్‌టాప్‌ది. రౌటర్ ఇచ్చే రెండు వైఫైల్లో అది నెమ్మదిదాన్ని పట్టుకుని కూర్చుంది. రెండోదానికి మార్చగానే ఎక్కడలేని స్పీడు వచ్చింది. ఆ సంబరంలో ఖాలా సంగతే మర్చిపోయాను.

కాసేపటికి ఆమే మోకాళ్లు పట్టుకుంటూ మా మెట్లెక్కి వచ్చింది.

"నెట్ వస్తలేదు బేటా. మీకు గూడ బందయిందా? వైరు తెగిందేమోనని టార్చ్ పట్టుకొని మిద్దెక్కి చూసొచ్చిన. మంచిగనే ఉంది, ఫికర్ జెయ్యకు."

నిజం నోటిదాకా వచ్చింది. "కంపెనీ వాళ్లదేదో ప్రాబ్లం ఖాలా" అన్నాను. ఆమె అటు వెళ్లగానే బ్లాక్ తీసేశాను. చెప్పేస్తే ఏం పోయేది...

ఇది రాస్తుండగానే కిటికీలోంచి ఆమె కేక వినిపించింది.

"వచ్చింది బేటా! నువ్వే ఠీక్ చేసినవా? అల్లా నిన్ను సల్లగ జూడాలె!"

"అవును ఖాలా, నేనే" అన్నాను.