మొదటిది వద్దు, రెండోదే

12 ఫిబ్రవరి 1979, సోమవారం

భాస్కరం పొద్దున్న బస్సుకి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. బల్లమీద రెండు వాచీలు. ఓడలో పనిచేసే బావమరిది ఉంటే ఇదీ బాధ.

పోయిన ఏడాది ఆస్పత్రిలో శారద వాణ్ణి అడిగిందట. "మీ బావగారికి మంచి వాచీ ఒకటి తేరా." అంతే. మంచిదంటే ఎలాంటిదో చెప్పలేదు. వాడు రెండు తెచ్చాడు. రెండూ స్విస్. మొదట తీసి చూపించింది టూటోన్ అట — స్టీలు గొలుసు, నడుమ బంగారు పట్టీ, డయలు చుట్టూ బంగారం. రెండోది మొత్తం స్టీలు.

"నాలుగు రోజులు పెట్టుకు చూడండి బావగారూ. ఒకటుంచుకోండి. ఇంకోటి మా చీఫ్ ఇంజనీరుకి మాటిచ్చాను. నేను ఓడెక్కేలోపు కబురు చెయ్యండి."

మీ అక్క అయితే ఏది తీసేదిరా అంటే తల గోక్కున్నాడు.

కీ ఇవ్వక్కర్లేదట. చేతికుంటే నడుస్తుంది. తీసి పెడితే ఒకట్రెండు రోజులకి ఆగిపోతుంది.

గుమ్మం దిగుతూ అసలు మాట అన్నాడు. "అమ్మ... వరలక్ష్మి సంగతి అడగమంది." చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

13 ఫిబ్రవరి

స్టీలుది పెట్టుకున్నాను. పంచాయతీ సమితి ఆఫీసులో ఎవరూ చూడలేదు. నాకు కావలసిందీ అదే.

14 ఫిబ్రవరి

టూటోన్. కుర్చీలో కూర్చోకముందే హెడ్‌గుమాస్తా సూరిబాబు.

"ఏటి సార్, పెళ్ళికొడుకు కళ ఒచ్చీసింది?"

"మా బావమరిది తెచ్చాడు."

"బావమరిదే తెచ్చీసేడా! అయితే సంబంధం ఇంటిలోదేనన్నమాట!"

గదంతా నవ్వు. నేనూ నవ్వాననుకుంటాను. తర్వాత చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను. సాయంత్రం దాకా లాక్కుంటూనే ఉన్నాను. భార్య పోయినవాడి చేతికి బంగారం కనిపిస్తే దానికి ఒకటే అర్థం ఈ ఊళ్ళో.

15 ఫిబ్రవరి

రోలుగుంట. జీడితోటల్లో పూత మాడుతోంది. దోమ. ఎవరి తోట చూసినా ఒకటే ఏడుపు. మందు కలిపే పాళ్ళు చెప్తూ ఉంటే రైతు అప్పలనాయుడు నా ముఖం చూడ్డం లేదు, చెయ్యి చూస్తున్నాడు.

"బాబూ, తప్పుగా అనుకోకండి. ఆ ఇనుముకి నడుమన ఇత్తడెందుకేసేరు? ఇనుము సాల్లేదేటి?"

జీపులో వచ్చేదాకా నవ్వొస్తూనే ఉంది. శారదకి చెప్పాలనుకున్నాను. తాళం తీసి, చీకటి గది చూసేదాకా అనుకుంటూనే ఉన్నాను.

16 ఫిబ్రవరి

పద్మ బడికి వెళ్ళనంది. జ్వరం లేదు. కారణం చెప్పదు.

17 ఫిబ్రవరి

చెప్పింది. పండక్కి వచ్చినప్పుడు అమ్మమ్మ అందట — వరలక్ష్మి పిన్ని ఇక మన ఇంట్లోనే ఉంటుందని, అమ్మా అని పిలవాలని. పన్నెండేళ్ళ పిల్లకి ముందు చెప్పారు. నాకు తర్వాత.

వరలక్ష్మి శారద పినతండ్రి కూతురు. కోటవురట్లలో టీచరు. చెడ్డమ్మాయి కాదు. అసలు ఎలాంటి అమ్మాయో నేను ఆలోచించలేదు. ఆలోచించకూడదనుకున్నాను. అత్తగారికి అవుననలేదు, కాదనలేదు. కాదంటే ఆవిడ కూతురి గురించి మాట్లాడాలి కదా...

పద్మ రెండు వాచీలూ చేతికెక్కించుకుంది. మోచేతి దాకా జారాయి. టూటోన్ తిప్పి తిప్పి చూసింది. "ఇది అమ్మ గాజుల రంగు నాన్నా."

టూటోన్ బీరువాలో పెట్టేశాను. గాజుల పక్కన కాదు. కింద అరలో.

19 ఫిబ్రవరి, సోమవారం

కోటవురట్ల క్యాంపు. తొందరలో స్టీలుది తగిలించుకుని జీపెక్కాను. బడి ముందునుంచే దారి. వరండాలో వరలక్ష్మి.

"టైమెంతయిందండీ బావగారూ? గంట కొట్టించాలి."

చూసి చెప్పాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి నవ్వాపుకుంది. "మీ వాచీకి ఇంకా తెల్లవారలేదండీ."

నిజమే. ఆగిపోయి ఉన్నదాన్ని సరిచెయ్యకుండా పెట్టుకున్నాను. ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే నడక మొదలుపెట్టింది.

పిల్లల్ని లోపలికి పంపి గుమ్మం దగ్గరకొచ్చింది. గొంతు తగ్గించింది.

"ఒక్క మాటండీ. మీరు వద్దనెయ్యండి. నేనంటే మా నాన్న వినరు. పొగరంటారు. మీరంటే పెద్దమ్మ నాలుగు రోజులు నొచ్చుకుంటుంది, ఊరుకుంటుంది."

వాచీ ముళ్ళు సరిచేస్తూ విన్నాను.

"శారదక్క ఇంట్లో శారదక్కలా మసలడం నా వల్ల కాదండీ. మీకూ అది బాగుండదు."

చెప్తానన్నాను. మాటిచ్చాను.

"బేగి చెప్పండి. ఫాల్గుణంలోనే పెట్టేద్దామని చూస్తున్నారు."

దారంతా తేలిక. ఆ తేలికలో చిన్న ముల్లు కూడా — అంత వద్దనిపించే మనిషినా నేను? సిగ్గులేని ఆలోచన. రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

20 ఫిబ్రవరి

స్టీలే. చొక్కా చెయ్యి లాక్కోనక్కర్లేదు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. శారద ఉంటే నవ్వేది — మీకు ఎప్పుడూ గోడ రంగే ఇష్టం.

రేపు ట్రంకాల్. ముందు వాచీ మాట భాస్కరానికి. తర్వాత ఫోను అత్తగారికివ్వమని, వరలక్ష్మి మాట. మూడు నిమిషాల్లో అయిపోతుంది.

21 ఫిబ్రవరి, బుధవారం

పోస్టాఫీసులో గంట కూర్చున్నాం. పద్మ వెంట వస్తానంది, వచ్చింది. బల్లమీద పక్కన ఇంకో నలుగురు కాల్ కోసం.

లైను దొరికింది. గాలిలో మాట్లాడినట్టుంది. అరిస్తే తప్ప వినపడదు. భాస్కరం అనుకుంటే అత్తగారి గొంతు.

"ఏం ఖాయం చేశారు బాబూ?"

వాడు ఇంట్లో లేడు కాబోలు, వాచీ సంగతి ఆవిడకి అప్పజెప్పి ఉంటాడు అనుకున్నాను.

"మొదటిది వద్దండీ!"

"ఆఁ? వినపడ్డం లేదు బాబూ!"

"మొదటిది నాకొద్దు! రెండోదే! రెండోదే ఖాయం!"

అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడు. "చల్లగా ఉండండి బాబూ. నా బిడ్డ పోయినా పద్మ అదృష్టవంతురాలు."

వాచీకీ పద్మ అదృష్టానికీ ఏమిటి సంబంధం? అడిగేలోగా లైను తెగింది. వరలక్ష్మి మాట మిగిలిపోయింది.

ఫోను పెట్టేసి చూస్తే పోస్టుమాస్టరుగారు తలవంచుకుని ముద్రలు వేస్తున్నారు. బల్లమీద నలుగురూ గోడ చూస్తున్నారు.

సాయంత్రం

అన్నం వడ్డిస్తున్నాను. పద్మ కంచంలోకి చూస్తూ అడిగింది.

"అమ్మ వద్దా నాన్నా?"

గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఎవరన్నారన్నాను.

"నువ్వే. మొదటిది వద్దు, రెండోదే అని అరిచావు కదా. అందరూ విన్నారు."

అప్పుడు తెలిసింది. ఇద్దరం వాచీల ముందు కూర్చున్నాం. మామయ్య ముందు చూపించింది టూటోన్ కనక అది మొదటిదమ్మా, తర్వాత చూపించింది స్టీలు కనక రెండోది, అందుకని రెండోది అన్నాను... లెక్క చెప్పినట్టు చెప్పాను. ఓపిగ్గా విన్నది. తలూపింది.

"అమ్మమ్మకి తెలుసా, నువ్వు వాచీలు చెప్తున్నావని?"

22 ఫిబ్రవరి

మళ్ళీ కాల్ బుక్ చేశాను. అనకాపల్లి దాటి లైను లేదట. టెలిగ్రాం ఇద్దామని కూర్చున్నాను. సెకండ్ మీన్స్ వాచ్. పోస్టుమాస్టరుగారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టారు.

"ఇది ఆళ్ళకి అర్థమవుతాదంటారా మేస్టారూ?"

కొట్టేసి ఇంకోటి రాశాను. ఫస్ట్ నాట్ రిజెక్టెడ్. చదువుకుంటే నాకే భయం వేసింది. చింపేశాను.

23 ఫిబ్రవరి

"సార్, స్వీట్లెప్పుడు? పోనీ ఆ బంగారం వాచీ అయినా మళ్ళీ తియ్యండి, దాచీసేరేటి?" సూరిబాబు. కోప్పడ్డాను. ఎప్పుడూ లేనిది గట్టిగానే. అందరూ ఫైళ్ళలోకి వంగారు. కోపం వచ్చిందంటే నిజమే అనుకున్నట్టున్నారు.

సాయంత్రం విశాఖ బస్సు కండక్టరు ఇంటికే వచ్చాడు. చేతిలో అరటాకు పొట్లం. అత్తగారు పంపిన పసుపు, కుంకుమ, పువ్వులు. "ఆదివారం పొద్దున్న బస్సుకి ఒస్తారట బాబూ. కోటవురట్ల నుంచి ఆ అమ్మాయి నాన్నగారూ ఒస్తారట. తాంబూలాలకని సెప్పమన్నారు."

పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. శారద ఫొటో ముందు పెట్టలేను. పారెయ్యలేను. మంచినీళ్ళ బిందె పక్కన పెట్టాను. ఆకు తడిసింది.

24 ఫిబ్రవరి, శనివారం

కోటవురట్ల వెళ్ళాను. ఒంటిపూట బడి వదిలేశారు. తాళం వేస్తోంది. నన్ను చూసి తాళంచెవి పిడికిట్లో బిగించింది.

"మాటిచ్చారు బావగారూ."

చెప్పాను. మొదటిది, రెండోది, టూటోన్, స్టీలు, పోస్టాఫీసు. మధ్యలో నవ్వింది. నోటికి కొంగడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకూ వచ్చింది నవ్వు. ఏడాదిలో ఇంకొకరితో కలిసి నవ్వడం ఇదేనేమో. తర్వాత ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

"వాచీ అని నేను చెప్తే మా నాన్న నమ్ముతారేటండీ? నేను కట్టిన కథంటారు. రేపు మీరే చెప్పాలి. ఫోన్లో కాదు. వాళ్ళ ముఖం చూసి."

"చెప్తాను."

"కిందటిసారీ చెప్తానన్నారు." నిష్ఠూరంగా కాదు. భయంగా.

25 ఫిబ్రవరి, ఆదివారం

బస్సు హారన్ వినిపించింది. స్టాండు నుంచి నడిచి రావాలి. కాసేపు పడుతుంది.

పొద్దున్నుంచీ అద్దం ముందు చెప్పుకుంటున్నాను. అత్తగారూ, నాకు రెండో... అక్కడే ఆగుతోంది. ఆ మాట రాకూడదు. మొదటిదన్న మాట అసలు రాకూడదు. లెక్కలతో చెప్పే మాట కాదిది. పేరుతో మొదలుపెట్టాలి. శారద ఉండగా అనో, శారద తర్వాత అనో. ఆ పేరు నేను పైకి అని ఏడాది దాటింది. పద్మతో 'మీ అమ్మ' అంటాను. భాస్కరంతో 'మీ అక్క' అంటాను. ఆఫీసులో 'మా ఇంట్లో' అనేవాణ్ణి, అదీ మానేశాను. రాయడం మాత్రం ఈ కాగితం మీద...

పద్మ బీరువా తీసింది. టూటోన్ తెచ్చింది. వద్దమ్మా, ఇవాళ అసలే వద్దు, అది చూస్తే వాళ్ళు ఇంకేమీ వినిపించుకోరు అన్నాను. వినలేదు. చెయ్యి లాగి తనే పెట్టింది.

"ఇది మొదటిది కదా నాన్నా. మొదటిదే ఉంచుకో."

చెయ్యి కదిలింది కదా, నడవడం మొదలుపెట్టింది. ముళ్ళు ఎప్పటివో, ఎక్కడో ఉన్నాయి. సరిచేసే వ్యవధి లేదు. స్టీలుది బల్లమీద. అదీ రేపటికి ఆగుతుంది.

వీధిలో అత్తగారి గొంతు. ఎవరినో ఇల్లు ఇదేనా అని అడుగుతున్న మగగొంతు. పద్మ గుమ్మంలో నిలబడింది, లోపలికి చూస్తోంది, నన్ను.

శారద.

పైకి అని చూశాను. గొంతు బొంగురుగా ఉంది. పద్మకి వినపడిందో లేదో.