జంక్షన్ వాళ్ళకిచ్చిన ఒక్క పాయింటు

అన్నయ్యా,

ఇవాళ హనుమాన్ జంక్షన్‌లో బాల్ బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడి పటమట వచ్చాను. నీ బ్యాటుతోనే ఆడాను. తీగలు కొత్తవి వేయించాను గానీ, పిడికి నువ్వు చుట్టిన గుడ్డ విప్పలేదు.

అవతల జట్టుకి ఇప్పటికీ రాఘవయ్యే కెప్టెన్. ఆ ఏడు ఇదే కోర్టులో మీ జట్టుని ఇరవై ఎనిమిది–సున్నా దగ్గర నిలబెట్టి, నువ్వు సర్వీసు చేసిన బంతిని కొట్టకుండా బ్యాటు చంకలో పెట్టుకున్న మనిషి. "ఉంచుకోవోయ్, ఇంటికెళ్ళి చెప్పుకోడానికి ఒకటన్నా ఉండాలిగా" అన్నాడు. చుట్టూ జనం విరగబడి నవ్వారు. కామెర్లతో పోయేదాకా నువ్వు మళ్ళీ బ్యాటు ముట్టలేదు.

ఇవాళ వాళ్ళకి కాళ్ళాడలేదు. ఇరవై ఎనిమిది–సున్నా. ఇంకొక్క పాయింటుతో గేమ్ అయిపోతుందనగా రాఘవయ్య సర్వీసు చేశాడు. బంతి తిన్నగా నా మీదికే వచ్చింది. నేను బ్యాటు చంకలో పెట్టుకున్నాను. ఆ పసుపు ఉన్ని బంతి నా కాళ్ళ దగ్గర పడింది.

ఆయన మొహం మాడిపోయింది. "వద్దండీ, ఆడండి" అన్నాడు.

"ఉంచుకోండి రాఘవయ్యగారూ, ఇంటికెళ్ళి చెప్పుకోడానికి ఒకటన్నా ఉండాలిగా" అన్నాను.

సున్నాకే ఓడిస్తే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాడు. గేమ్ అయ్యాక వాళ్ళ తమ్ముడు ఓదార్చబోతే చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయాడు, ఆ రోజు నువ్వు నా చెయ్యి విదిలించుకున్నట్టే.

నా కడుపు నిండింది, అన్నయ్యా.