నేను పూల వాసన చూడలేదు

తిరుచానూరు

అక్కకు చెల్లెలు మునెమ్మ నమస్కరించి రాసేది.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోను చేస్తే అమ్మ పక్కన కూర్చుని అంతా వింటుంది, అందుకే ఉత్తరం. అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయని నవ్వుకోకు.

ఇక్కడ తిండికి లోటు లేదు, ఎండే మండిపోతోంది. పూలంగట్లో మాలలు కడుతున్నానా, కొన్నాళ్లుగా మొగ్గ విచ్చిందో లేదో తెలియడం లేదు. దీపం చూస్తే వెలుగు చెదిరిపోతోంది. మొన్న అమ్మవారి మాల కడుతూ ఒక మల్లెమొగ్గను కంటి దగ్గరికి తెచ్చుకున్నాను. పక్కన కూర్చునే రాజమ్మ అరిచింది. "ఏందిమే, అమ్మవారి పూలు వాసన సూస్తా ఉండావు!"

"కాదు రాజమ్మా, కనపడక సూసినా" అన్నాను. ఎవరూ నమ్మలేదు. దేవుడికి పెట్టకముందే వాసన చూస్తే ఆ పూలు ఎంగిలే కదా. ఓనరు మాలంతా పారేయించి, నన్ను గంపలు కడిగే పనిలో పెట్టాడు. తలెత్తుకోలేకపోయాను అక్కా. గుడి ముందు నుంచి నడవడం కూడా మానేశాను.

కళ్లద్దాల కోసం ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ మిషన్‌లో చూసి, "శుక్లం కాదమ్మా. నల్లగుడ్డు మీది పొరలో స్ఫటికాలు పేరుకున్నాయి. అరుదుగా వస్తుంది, రక్తం చూద్దాం" అంది. తర్వాత ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. మైలోమా అట, రక్తానికీ మూలుగకూ వచ్చే క్యాన్సరు. దాంట్లో పుట్టే చెడు ప్రొటీనే నా కంట్లో చక్కెర పలుకుల్లా కట్టిందట. నా నడుం నొప్పీ దానిదే.

అక్కా, అది వినగానే నాకు ముందు వచ్చింది భయం కాదు, సంతోషం. నేరుగా అంగడికి పరిగెత్తాను. "సూడండి, తప్పు నాది కాదు, నా కంట్లో ఉండాది! క్యాన్సరంట!" అన్నాను నవ్వుతూ. రాజమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. అప్పుడు గానీ నాకేం వచ్చిందో నాకు తెలియలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పూర్తిగా పోదు గానీ అదుపులో పెట్టొచ్చన్నారు. ఇంజెక్షన్లకు పోయేటప్పుడు తోడు ఒకరుండాలట. నువ్వు రావాలి అక్కా. అమ్మకు కంటి జబ్బని మాత్రమే చెప్పు. వచ్చేటప్పుడు కాసిని ఉలవలు తీసుకురా. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మను నా పేరు చెప్పి దీవించమను.

బస్టాండులో దూరం నుంచి చెయ్యి ఊపకు, గుర్తుపట్టలేను. దగ్గరికొచ్చి నిలబడు. నీ మొహం రెండు చేతుల్లో పట్టుకుని చూసుకుంటాను, నలుగురూ ఏమన్నా అనుకోనీ.

నీ కోసం ఎదురుచూసే
మునెమ్మ