అవ్వ సరిచేసిన పెట్టె

ఆదివారం

పొద్దున మబ్బు పట్టింది, గాలికి విడిపోయింది. మధ్యాహ్నం దాకా వేరుశనగ చేలో కలుపు తీశాం.

రేపు మా కూతురు పద్మ అనంతపురం కాలేజీలో అందరి ముందూ నిలబడి నాలుగో కొలత గురించి చెప్పాలి. పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకొకటట. పోయినసారి నోరు పెగలక సగంలోనే దిగి వచ్చేసింది. ఆ భయం ఇంకా పోలేదు.

"నీకు అగపడతాందామ్మా అది?" అని అడిగాను.

"లేదు నాయనా. సారూ ఇదే అడిగితే ఏం చెప్పేది?"

నాకు అర్థమయ్యేలా చెప్పాలని వాకిట్లో సుద్దతో మామూలు పెట్టె బొమ్మ గీసింది. మేమిద్దరం కాఫీకి లోపలికి పోయి వచ్చేసరికి, మా అమ్మ ఏటవాలు గీతలన్నీ చెరిపి, ముగ్గుపిండితో నేరుగా దిద్ది, మూలమూలకూ ఒక పువ్వు పెట్టేసింది.

"ఏమే, ముగ్గు అంత వంకరగా ఏసినావు? సరిచేసినా."

"అవ్వా, అది ముగ్గు కాదు, పెట్టె!"

"పెట్టె యాడుండాది? మూత తీసి చూపీ."

పద్మ నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. కాసేపటికి లేచి ఆ ముగ్గును ఫోనులో ఫోటో తీసుకుంది.

"అవ్వకు నేల మీద గీతలే అగపడినాయి, ఎత్తు అగపడలేదు. నాలుగో కొలత కాడ మనమంతా అవ్వలమే నాయనా. రేపు దీంతోనే మొదలుపెడతా."

"సారు అడిగితే?"

"నాకూ అగపడదు సార్, లెక్కకు మాత్రం అందుతాదని చెప్తా."

చెప్పగలదనే అనుకుంటున్నాను. అందరి ముందూ నిలబడినాక ఎట్లుంటుందో...

సాయంత్రం ఆరు గంటల బస్సుకు పద్మ అనంతపురం పోయింది.