ఇడ్లీ రేకుల్లో కంప్రెసర్

బావా,

గిన్నెలో మిగిలిన ఇడ్లీలు పాపకి పెట్టకు. నువ్వూ తినకు. పారెయ్. ఫ్రిజ్‌లో పప్పన్నం ఉంది, వేడి చేసి ఇద్దరూ తినండి.

నేను హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేసరికి నువ్వు విప్పి పెట్టిన ఆ గాలి కొట్టే కంప్రెసర్ వంటింట్లో కనిపించకూడదు. కింద నేలమాళిగలో మన కెల్లర్ గదిలో పెట్టెయ్. ఇవాళ ఆదివారం, ఈ దేశంలో చప్పుడు చెయ్యకూడని రోజు; బిగించినా ఆన్ చెయ్యకు. చప్పుడుకి కింది ఫ్లాట్ ముసలావిడ మళ్లీ పైకొస్తే, మాస్కు పెట్టుకుని సారీ చెప్పడం ఈసారి నీ పనే.

కరోనాకి ఫ్యాక్టరీ మూసినప్పటి నుంచి ఇంట్లో బాగున్న వస్తువులన్నీ విప్పుతున్నావు. చేతులు కట్టుకుని కూర్చోలేవని తెలుసు. కానీ విప్పిన వరస తప్పకూడదని బోల్టులూ పిస్టన్ రింగులూ గుంటకొకటి చొప్పున సర్దడానికి నా ఇడ్లీ రేకులే దొరికాయా? ఎంత తోమినా గుంటల అడుగున ఆ నల్ల జిడ్డు పూర్తిగా వదల్లేదు, వేరే రేకులు లేక పొద్దున వాటిలోనే ఇడ్లీ పోశాను. ఛీ!

గీతిక

అన్నట్టు, నిన్నంతా నువ్వు సోఫా కింద వెతికిన ఆ గోరంత స్టీలు వాల్వ్ దొరికింది. కడిగి నీ కాఫీ కప్పు పక్కన పెట్టాను. పొద్దున పాప వదిలేసిన ఇడ్లీ ముక్క నోట్లో వేసుకుంటే నా పంటికి తగిలింది.