చీరల కట్టల మీది ఆసనం

భారతీ,

మీ సారు వ్రాస్తున్నాడు. కుశలమా అని అడగడం వాక్యంగా నిర్దోషమే గాని, నీ విషయంలో అర్థం లేనిది కదా... అయినా అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి రెండేళ్ళు నిండాయి.

నీ వెనుక ఏం జరిగిందో వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకే నచ్చదు.

నువ్వు పోయిన తరువాత వచ్చిన మొదటి పతంగుల పండుగనాడు, డాబా మీది నీళ్ళ ట్యాంకుకు చుట్టుకున్న మాంజా దారం తీద్దామని నిచ్చెన ఎక్కాను. ఎవరూ ఎక్కమనలేదు. కుడి తొడ ఎముక విరిగింది, మోకాలి చిప్ప పగిలింది. కాలి లోపల ఇనుప కడ్డీ వేశారు. కర్ర జీవితాంతం తోడుంటుందనీ, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఇక మరిచిపొమ్మనీ డాక్టరు చెప్పాడు.

కర్రకు ఒప్పుకున్నాను. రెండవదానికి మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకో నీకు తెలుసు.

బతుకమ్మ పేర్చేనాడు నువ్వొకవైపు, నేనొకవైపు, మధ్యన నీ ఇత్తడి తాంబాళం. పువ్వు అందించడం నా వంతు, పేర్చడం నీ వంతు. ఓసారి నడుము నొప్పి అని నేను స్టూలు వేసుకుంటే ఏమన్నావు? "సారూ, తల్లి కన్న ఎత్తుల కూసుంటరా ఎవలన్నా? పువ్వు పైకెల్లి ఇయ్యొద్దు. జర కిందికి దిగుండ్రి!" ఆనాటి నుంచి మన ఇంట్లో అదే శాసనం. కుర్చీలో కూర్చున్నవాడు పువ్వు అందించరాదు. మరి నేను ఇక కుర్చీ మనిషినేనా?

ఆస్పత్రి నుంచి వచ్చిన కొద్ది వారాలకే కరోనాతో ఊరంతా మూతపడింది. కాలికి వ్యాయామం చేయించే యువకుడు రావడం మానేశాడు. మోకాలు బిగుసుకుపోయింది. మన అబ్బాయి ఊరవతల జోల్వాలో, తను పనిచేసే మగ్గాల షెడ్డులోనే చిక్కుకుపోయాడు. ఇంట్లో నేను, కోడలు రజిత, ఆపైన చీరలు.

అవును, చీరలు! రజిత ఇంటికి తెచ్చుకుని రాళ్ళు అతికించే చీరలు. బజారు మూతపడడానికి కాస్త ముందే టెంపో వచ్చి కట్టలు దింపి పోయింది. తిరిగి తీసుకువెళ్ళేవాడు లేడు. గోడ పొడవునా కట్టలే కట్టలు.

ఎదురింటి హంసాబెన్ గుర్తుందిగా? డాబా మీద నీకు ఆసనాలు నేర్పిన మనిషి. యోగం అనండి, యోగా కాదు అని నేనెంత చెప్పినా ఆమె దారి ఆమెదే. మన గల్లీ ఎంత ఇరుకో నీకు చెప్పాలా... ఒకనాడు ఆమె తన బాల్కనీలో నిలబడి, మన బాల్కనీలో కుర్చీకి అంటుకుపోయిన నన్ను చూసింది. అడగకుండానే పాఠం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నాకు!

మొదట శ్వాస. ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. అప్పుడు నీ మాటే వినిపించేది... "ఇడువుండ్రి సారూ, మీ ఊపిరి ఎవలు గుంజుకపోరు."

తరువాత కూర్చోవడం. మోకాలు ముడవదు, ఎలా? ఆమె మన గదిలోకి తొంగిచూసి చీరల కట్టలను వేలితో చూపించింది. వాటిని కుర్చీ ఎత్తున పేర్చి, పైన కూర్చుని, కాలు ఎంత వంగితే అంతే వంచమంది. రజిత కట్టలను ప్లాస్టిక్ పట్టాలో చుట్టింది. ఏ పెళ్ళిలో ఎవరు కట్టుకోవలసిన చీరలో, వాటి మీద నేను మహారాజులా కొలువుతీరాను! మెల్లగా వంచమని ఆమె అటు నుంచి ధీమే ధీమే మాస్తర్ అంటుంది, నేను ఇటు నుంచి గావుకేకలు పెడతాను. నొప్పి అటువంటిది మరి. ఒకసారి గల్లీ అంతా బయటికి వచ్చి చూసింది.

బజారు మెల్లగా తెరుచుకుంది. టెంపో వచ్చినప్పుడల్లా రజిత నా కింది నుంచి కొన్ని చీరలు లాగి ఇచ్చేది. నేను అభ్యంతరం చెప్పేవాణ్ణి, ఆమె లాగేది. కొత్త కట్టలు వచ్చినా నా కిందికి చేరనివ్వలేదు. అది హంసాబెన్ ఆజ్ఞ. అలా నా సింహాసనం దిగుతూ వచ్చింది, దానితో పాటు మోకాలూ దిగుతూ వచ్చింది.

కాని ఆ ఏటి బతుకమ్మ నాటికి నేనింకా స్టూలు ఎత్తులోనే ఉన్నాను. రజిత ఒక్కతే పేర్చింది. పువ్వు తనే తీసుకోవాలి, తనే పెట్టాలి... డాబా మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి బతుకమ్మ పక్కకు ఒరిగి కూలిపోయింది. పూలన్నీ ఏరుకుని లోపలికి వచ్చింది. ఏడ్చిందా? నేను అడగలేదు.

ఆ మరునాటి నుంచి కేకలు తగ్గించి, అభ్యాసం పెంచాను.

జబ్బు రెండవసారి విరుచుకుపడినప్పుడు మన గల్లీ వాళ్ళు కొందరు నీ దగ్గరికే వచ్చేశారు. పేర్లు వ్రాయను, నువ్వే పలకరించి ఉంటావు. హంసాబెన్‌కూ సోకింది. ఆమె తలుపు మూసుకుంది. మూసిన ఆ తలుపు ఎదుటనే రోజూ కూర్చుని చేసేవాణ్ణి. చివరికి తలుపు తెరుచుకుంది. మనిషి సగమైంది, గొంతు రావడం లేదు. కుర్చీలో కూలబడి, మోకాలు చూపించమని చేత్తో సైగ చేసింది. చూపించాను.

ఇక మొన్నటి సద్దుల బతుకమ్మ సంగతి చెప్పనా?

అప్పటికి నా ఆసనం ఒకే ఒక్క చీర. రాళ్ళు ఊడాయని వ్యాపారి వద్దని వదిలేసిన చిలకపచ్చ చీర. ఉదయం రజిత తాంబాళం తోమి, బంతిపూలు కుప్పపోసి, నీ వైపు కూర్చుంది. నేను నా చీర కోసం వెతికాను. మంచం కింద లేదు, తలుపు వెనుక లేదు... తల ఎత్తి చూస్తే అది కోడలి ఒంటి మీద ఉంది!

అమాయకంగా తల వంచుకుని కాడలు తుంచుకుంటోంది. దీనిని కుట్ర అనక ఏమనాలి?

ఎదుటి బాల్కనీలో హంసాబెన్ లేచి నిలబడింది. గోడకు చేయి ఆనించాను. ఎడమ కాలు ముందు... తరువాత కుడిది... నేల చల్లగా తగిలింది, భారతీ!

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కుడి మోకాలు నేలను తాకలేదు, జానెడు ఎత్తున నిలిచింది. బాసింపట్టు అనడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు. డాక్టరు మాట సగం నిలిచింది, నా మాట సగం నిలిచింది. అయితేనేం? పువ్వు తాంబాళం ఎత్తు నుంచే అందింది. రజిత తల ఎత్తకుండానే చేయి చాచి అందుకుంది. అచ్చం నీలాగే.

ఈసారి బతుకమ్మ కూలలేదు. కొంచెం ఎడమకు వాలింది, అంతే.

డాబా మీద హంసాబెన్ మాస్కు కట్టుకుని, మన పాటకు తన గర్బా చప్పట్లు కలిపింది. తాళం పూర్తిగా తప్పు. నేను సవరించలేదు. నమ్ముతావా?

అందరూ డాబా ఎక్కిన తరువాత కూడా నేను కాసేపు కిందనే ఉన్నాను. లేవలేక కాదు సుమా... నీ చోట రాలిన రేకులను చూస్తూ ఇంకొంచెం కూర్చోవాలనిపించింది. తరువాత లేచాను. ఎవరి చేయీ పట్టుకోలేదు, గోడను మాత్రం పట్టుకున్నాను.

వచ్చే ఏటికి ఆ జానెడూ దిగుతుందో లేదో తెలియదు. కాని నీ తాంబాళంలోకి పువ్వు మాత్రం పై నుంచి రాదు. మాట ఇస్తున్నాను.

నేల మీద కూర్చుని వ్రాసిన,
మీ సారు